అనాథ పిల్లల చేతికి బాకా ఇచ్చిన కాపరి



స్కూలు వార్షికోత్సవమునకు మీరు ఎప్పుడో ఒకసారి వెళ్ళియుంటారు. ముఖ్య అతిథి కారు దిగగానే గేటు దగ్గర పిల్లల బ్యాండు మ్రోగుతుంది. మనమందరము అతిథి మెడలో వేసే దండవైపు చూస్తాము. బరువైన డ్రమ్మును పొట్టమీద మోసుకొంటూ నడిచే ఏడవ తరగతి పిల్లవానిని ఎవరు చూస్తారు? వానికి ఎవరు నేర్పారు? ఆ వాయిద్యము ఎవరిది? రెండు గంటలు ఎండలో నిలబడినవానికి మంచినీళ్ళయినా ఇచ్చారా? ఈ ప్రశ్నలు మనకు తోచవు. అయితే నూట ముప్పది ఏండ్ల క్రిందట అమెరికాలో ఒక సంఘ కాపరి అనాథ పిల్లలతో బ్యాండు పెట్టినప్పుడు ఇవే ప్రశ్నలు ఆయన ముందుకు వచ్చాయి. కొన్నిటికి ఆయన చక్కగా జవాబు చెప్పాడు. కొన్నిటికి చెప్పలేకపోయాడు. ఆ రెండును మీకు చెప్పాలని నా ఆశ.

ఆయన పేరు డానియేల్ జోసెఫ్ జెంకిన్స్. 1862లో దక్షిణ కరోలినా రాష్ట్రములో బానిసల బిడ్డగా పుట్టాడు. చిన్నతనములోనే తల్లిదండ్రులను పోగొట్టుకొన్నాడు. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము పోయింది గాని, నల్లజాతి ప్రజల చేతిలో భూమి లేదు, డబ్బు లేదు. జెంకిన్స్ గారు పెరిగి పెద్దవాడై, చార్ల్‌స్టన్ అను సముద్రతీర నగరములో బాప్టిస్టు సంఘ కాపరి అయ్యాడు. కాపరి పనితోపాటు కలప వ్యాపారము కూడా చేసుకొనేవాడు. ఆ రోజులలో పేద సంఘము ఇచ్చే కానుకలతోనే కుటుంబము గడిచేది కాదు. ఈ సంగతి మన కాపరులకు వివరించి చెప్పనవసరము లేదు.

1891 డిసెంబరులో ఒక చలి రోజు ఆయన కలప కొరకు రైలు పట్టాల వైపు వెళ్ళాడు. అక్కడ ఒక సరుకు పెట్టెలో నలుగురు మగపిల్లలు ఒకరినొకరు హత్తుకొని వణుకుతూ కనిపించారు. నలుగురూ పన్నెండేండ్ల లోపువారే. తల్లిదండ్రులు లేరు, ఇల్లు లేదు. జెంకిన్స్ గారు వారిని ఇంటికి తీసికొనిపోయాడు. తరువాతి కాలములో ఆయన తన పని ఎలా మొదలైనదో చెప్పినప్పుడెల్లా ఈ సంఘటనతోనే మొదలుపెట్టేవాడు.

ఇక్కడ ఒక విషయము గమనించండి. చార్ల్‌స్టన్‌లో అనాథాశ్రమము లేదా? ఉన్నది. 1790 నుండి ఉన్నది. అమెరికా దేశములో ప్రజల సొమ్ముతో నడిచిన మొదటి అనాథాశ్రమము అదే. అయితే దానిలోనికి తెల్లజాతి పిల్లలను మాత్రమే చేర్చుకొనేవారు. నూరేండ్లు గడిచినను నల్లజాతి అనాథకు ఆ ఊరిలో దొరికే కప్పు జైలు కప్పు ఒక్కటే. ఆకలికి రొట్టె దొంగిలించిన పిల్లవాడు పెద్ద నేరస్థుల ప్రక్కన పడుకొనేవాడు. అందుచేత జెంకిన్స్ గారు పట్టణపు పెద్దల యొద్దకు వెళ్ళినప్పుడు జాలి గురించి ఎక్కువ మాట్లాడలేదు, లెక్క గురించి మాట్లాడాడు. ఈ పిల్లలను జైలులో పెట్టి పోషించడము కన్నా పని నేర్పించడము మీకే చౌక అన్నాడు. ఇలా మాట్లాడవలసి రావడము బాధాకరమే. గాని ఎదుటివాని చెవి ఎక్కడ ఉన్నదో ఆయనకు తెలుసు.

1892లో సంస్థ రిజిస్టరు అయినది. మరుసటి సంవత్సరము ఫ్రాంక్లిన్ వీధిలోని పాత నావికుల ఆసుపత్రి భవనము వారికి దొరికింది. వాషింగ్టన్‌లోని గొప్ప స్మారక స్తంభమునకు నమూనా గీచిన రాబర్ట్ మిల్స్ అను శిల్పియే ఈ భవనమునకు కూడా నమూనా గీచాడు. దాని ప్రక్కనే జైలు. కిటికీలోనుండి చూస్తే, తాము ఎక్కడికి పోకుండా తప్పించబడ్డారో పిల్లలకు ప్రతిదినము కనబడేది. కొన్ని ఏండ్లలోనే పిల్లలు వందల సంఖ్యకు పెరిగారు. చెప్పులు కుట్టడము, రొట్టెలు కాల్చడము, అచ్చు పని నేర్పేవారు. ఆశ్రమము నుండి ఒక వారపత్రిక కూడా వెలువడేది.

ఇన్ని నోళ్ళకు తిండి ఎక్కడనుండి వస్తుంది? నగర పాలకులు ఇచ్చినది స్వల్పము. సంఘములు పేదవి. అప్పుడు ఆయనకు బ్యాండు ఆలోచన వచ్చింది.

ఇది ఆకాశమునుండి ఊడిపడిన ఆలోచన కాదు. ఇరవై ఏండ్ల ముందే, అంటే 1871లో, నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయపు నల్లజాతి విద్యార్థులు తమ కళాశాల మూతబడకుండా కాపాడుకొనుటకు పాటలు పాడుతూ బయలుదేరారు. 1873లో ఇంగ్లండుకు వెళ్ళి విక్టోరియా రాణి ఎదుట పాడారు. వారు పాడి తెచ్చిన డబ్బుతో కట్టిన జూబిలీ హాలు 1876లో పూర్తయినది. పాట ఇల్లు కట్టగలదని జెంకిన్స్ గారికి తెలుసు.

ఆయన సంగీత విద్వాంసుడు కాడు. ఇది ముఖ్యము. తనకు రాని విద్యను పిల్లలకు ఇప్పించాలనుకొన్నాడు. పట్టణములో మూలనపడిన పాత వాయిద్యములుంటే ఇవ్వండని అడిగాడు. సొట్టలు పడినవి, మీటలు బిగుసుకొన్నవి వచ్చాయి. సిటడెల్ అను సైనిక కళాశాల విద్యార్థులు విడిచిన పాత యూనిఫారములు తెప్పించి పిల్లల కొలతకు కత్తిరించి తొడిగించారు. అన్నిటికంటే మించి, ఆయన ఇద్దరు మంచి ఉపాధ్యాయులను పెట్టాడు. ఒకరు పి. ఎం. లోగన్, మరొకరు ఫ్రాన్సిస్ యూజీన్ మికెల్. ఇద్దరూ ఆ ఊరి సంగీతకారులే.

మన సంఘములలో, స్కూళ్ళలో తరచుగా జరిగేది ఏమిటంటే, దాతలు ఎవరైనా వచ్చి బ్యాండు సెట్టు కొనిస్తారు, ప్రార్థన చేసి ఫోటో తీస్తారు. ఆరు నెలల తరువాత చూస్తే ఆ సెట్టు బీరువాపైన దుమ్ము కొట్టుకొని ఉంటుంది. ఎందుకు? నేర్పేవానికి జీతము ఎవరూ అనుకోలేదు. వాయిద్యము ఒకసారి కొంటే సరిపోతుంది. గురువును మాత్రము నెల నెలా పోషించాలి. జెంకిన్స్ గారు వాయిద్యముల విషయములో పాతవాటితో సరిపెట్టుకొన్నాడు గాని, గురువుల విషయములో సరిపెట్టుకోలేదు.

బ్రాస్ బ్యాండులో ఒక సౌలభ్యము ఉన్నది. కార్నెట్టు, ఆల్టో హారను, బారిటోను, ట్యూబా చూపునకు చిన్నవి పెద్దవిగా ఉన్నా, చాలావాటికి మూడే మీటలు. బ్రాస్ బ్యాండు పద్ధతిలో స్వరములు వ్రాస్తే, ఒకదానిపై వ్రేళ్ళు నొక్కడము నేర్చినవాడు మిగిలినవాటిపై కూడా నొక్కగలడు. పెదవి బిగింపు మాత్రము మార్చుకోవాలి. ట్రంబోను వేరు, దానికి జారుడు గొట్టము ఉంటుంది. అందుచేత ఒక పిల్లవాడు జబ్బుపడితే ఇంకొకడు అతని వాయిద్యము అందుకొంటాడు. పెద్దవాడు చిన్నవానికి నేర్పగలడు. జెంకిన్స్ ఆశ్రమపు పిల్లలు ఒక్క వాయిద్యముతో ఆగేవారు కారు, అన్నిటిపైనా చేయి తిప్పేవారు. నోటుపుస్తకము చూచి వాయించడము కూడా వారికి నేర్పారు. తల్లి లేదు, తండ్రి లేడు, గాని కాగితముపైనున్న స్వరము చదవగలడు! ఆ చదువు తరువాత ఎందరికి అన్నము పెట్టినదో క్రింద చూస్తారు.

1895లో జెంకిన్స్ గారు పిల్లల బ్యాండును తీసికొని ఆశ్రమము కొరకు డబ్బు కూడబెట్టుటకు లండను వెళ్ళాడు. ఇక్కడ ఆ సంవత్సరము చూడండి. అదే 1895లో దక్షిణ కరోలినా కొత్త రాజ్యాంగము వ్రాసికొని నల్లజాతివారి ఓటు హక్కును దాదాపు లేకుండా చేసింది. స్వదేశములో అటువంటి గాలి వీస్తుండగా ఈయన సముద్రము దాటి లండను వీధిలో పిల్లలను నిలబెట్టి వాయింపజేశాడు. జనము గుమిగూడారు. పోలీసులు వచ్చారు. సంగతి బో స్ట్రీట్ కోర్టుకు వెళ్ళింది. పదకొండేండ్ల లోపు పిల్లల చేత వీధులలో ప్రదర్శన చేయించి డబ్బు అడుగుట అక్కడి చట్టము ప్రకారము నేరము. జెంకిన్స్ గారి బ్యాండులో అంత చిన్నవారు ఉన్నారు.

ప్రియులారా, ఈ ఘట్టమును కొందరు ఒక మంచి మనిషికి వచ్చిన శ్రమగానే చెప్పి విడిచిపెడతారు. నా మనస్సు అంతటితో ఒప్పుకోదు. ఆయన మంచివాడే, ఆ చట్టమూ మంచిదే. చిన్నపిల్లవాడు పెద్దల అప్పు తీర్చుటకు వీధిలో నిలబడకూడదని ఒక దేశము చట్టము చేసికొన్నదంటే, దానిలో పిల్లల యెడల ప్రేమ ఉన్నది. జెంకిన్స్ గారి మాట కూడా వినాలి. వాయించకపోతే వారికి తిండి ఎవరు పెడతారు? ఆ చట్టము పిల్లలను వీధినుండి తప్పించింది గాని, చార్ల్‌స్టన్‌లో ఒక రొట్టెముక్క కూడా పెట్టలేదు. చివరకు ఆ వార్త పత్రికలలో రావడమే మేలైనది. సంఘములలో ప్రసంగించుటకు ఆయనను పిలిచారు, కానుకలు ఇచ్చారు. పిల్లలు క్షేమముగా ఇల్లు చేరారు.

ఆ తరువాత బ్యాండు ఆగలేదు. వేసవిలో ఉత్తరాన న్యూయార్కు వరకు, చలికాలములో దక్షిణాన ఫ్లోరిడా వరకు తిరిగేది. ముందు ఒక చిన్న పిల్లవాడు బెత్తము పట్టుకొని గంతులు వేస్తూ బ్యాండును నడిపించేవాడు, జనము వానిని చూచుటకే ఆగేవారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో వాయించారు. 1905లో అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ పదవీ స్వీకార ఊరేగింపులో, 1909లో టాఫ్ట్ ఊరేగింపులో నడిచారు. 1920లలో ఒకేసారి ఐదు బ్యాండుల వరకు దేశములో తిరుగుతుండేవి. 1927లో న్యూయార్కులో 'పోర్గీ' అను నాటకము ఆడినప్పుడు రంగస్థలముపైకి వచ్చిన అనాథల బ్యాండు నిజమైన జెంకిన్స్ పిల్లల బ్యాండే.

ఇదంతా వింటే మనకు సంతోషముగా ఉంటుంది. అయితే ఆ పిల్లలవైపునుండి కూడా ఒకసారి చూడాలి. సంవత్సరములో చాలా నెలలు రోడ్డుమీదే. వాయించడము, టోపీ పట్టుకొని జనములో తిరగడము, వచ్చిన డబ్బు ఆశ్రమమునకు పంపడము. జాబో స్మిత్ అను పిల్లవానిని తల్లి పోషించలేక ఆరేండ్ల వయస్సులో అక్కడ చేర్చింది. పదేండ్లకే అతడు బ్యాండుతో ఊళ్ళు తిరుగుతున్నాడు. ఎన్నోసార్లు పారిపోయాడు. ప్రతిసారి పట్టుకొనివచ్చారు. పదహారేండ్లకు శాశ్వతముగా విడిచిపోయాడు. నాలుగేండ్లు గడవకముందే, 1929లో, అతడు ట్రంపెట్టుతో చేసిన రికార్డులను సంగీతకారులు ఈనాటికీ వింటూ ఆశ్చర్యపడుతున్నారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పోటీపడగలవాడని అప్పట్లో అనేవారు. చూడండి, అతని చేతికి విద్య ఇచ్చింది ఆశ్రమమే. అతడు పారిపోయిందీ ఆశ్రమమునుండే. ఈ రెండు మాటలలో ఏ ఒక్కటి దాచిపెట్టినా అది అబద్ధమే అవుతుంది.

జెంకిన్స్ గారి ఇంటిలోనే ఇంకొక కథ ఉన్నది. ఆయన కుమారుడు ఎడ్మండ్, 1894లో పుట్టినవాడు, ఆశ్రమపు బ్యాండులతోనే వాయిస్తూ పెరిగాడు. 1914లో లండనులో ఆంగ్లో అమెరికను ప్రదర్శన జరిగినప్పుడు బ్యాండు మళ్ళీ సముద్రము దాటింది. ఆగస్టులో మహాయుద్ధము మొదలైంది. పిల్లలు తిరిగివచ్చారు, ఎడ్మండ్ మాత్రము అక్కడే ఉండి రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరాడు. ఏడేండ్లు చదివాడు, బహుమతులు పొందాడు. తన ఊరి పేరుతో 'చార్ల్‌స్టోనియా' అను వాద్యబృంద రచన చేశాడు. 1926లో పారిస్‌లో, ముప్పది రెండేండ్లకే, చనిపోయాడు. తండ్రి అప్పటికి వృద్ధుడు.

ఆ తండ్రి దుఃఖమును తలంచుకొంటే నాకు మాట రాదు. అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. ఒకే బ్యాండులో వాయించిన పిల్లలలో కాపరి కుమారునికి ఏడేండ్ల ఉన్నత విద్య దొరికింది, మిగిలినవారికి రోడ్డు దొరికింది. దీనికి జెంకిన్స్ గారిని నిందించుట నా ఉద్దేశము కాదు. వందల మందిని లండనులో చదివించే శక్తి ఆయనకు ఎక్కడిది? గాని స్కూలు బ్యాండులో చక్కగా వాయించే పిల్లవాడు పదవ తరగతి తప్పితే, పోనీలే, వాడికి బ్యాండు ఉన్నదిగదా అని మనము అనుకొంటాము. మన సొంత బిడ్డ అయితే అలా అనుకొంటామా? పెళ్ళిళ్ళ కాలములో రాత్రంతా వాయించి ఉదయము తరగతిలో తూగే పిల్లలు మన తెలుగు ఊళ్ళలో కూడా ఉన్నారు.

అయితే రోడ్డుమీదకు వెళ్ళినవారిలో కూడా కొందరు ఎంత దూరము వెళ్ళారో వినండి. విలియం ఆండర్సన్ నాలుగేండ్లకే తల్లిని తండ్రిని పోగొట్టుకొన్నాడు. ఆశ్రమములో తోటి పిల్లలతో పిల్లిలా రక్కుతూ పోట్లాడేవాడట, అందుకే 'క్యాట్' అను పేరు జీవితమంతా నిలిచిపోయింది. 1944లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందములో చేరి, ట్రంపెట్టుపై ఎవరికీ అందని ఎత్తైన స్వరములు పలికించాడు. ఫ్రెడ్డీ గ్రీన్ అయితే ఆశ్రమములో పెరిగినవాడు కాడు, చార్ల్‌స్టన్ ఊరి పిల్లవాడు. ఆశ్రమపు బ్యాండుతో కలిసి తిరిగాడు. 1937లో కౌంట్ బేసీ బృందములో గిటారు వాద్యకారునిగా చేరి, 1987లో చనిపోయేవరకు దాదాపు యాభై ఏండ్లు అక్కడే ఉన్నాడు. పిల్లలకు సంగీతము నేర్పే ఇల్లు ఊరిలో ఒకటి ఉంటే, దాని గోడ బయటివారికి కూడా నేర్పు అబ్బుతుంది.

జెంకిన్స్ గారు 1937లో మరణించారు. ఆయన పెట్టిన సంస్థ ఈనాటికీ పిల్లల కొరకు పని చేస్తున్నది. ఫ్రాంక్లిన్ వీధిలోని పాత భవనము కూడా నిలిచియున్నది.

ఇంకొక పిల్లవాని సంగతి చెప్పి ముగిస్తాను. సాధారణముగా ఇటువంటి వ్యాసములలో ఈ పేరు చెప్పరు. హెర్బర్ట్ రైట్ జెంకిన్స్ ఆశ్రమములో పెరిగిన డ్రమ్ము వాద్యకారుడు. మొదటి ప్రపంచ యుద్ధములో నల్లజాతి సైనికుల 369వ పదాతిదళపు బ్యాండులో చేరాడు. పైన చెప్పిన గురువు మికెల్ గారు ఆ బ్యాండుకు ఉపనాయకుడు. నాయకుడు జేమ్స్ రీస్ యూరప్, ఆ రోజులలో నల్లజాతి సంగీతకారులందరిలో పేరు పొందినవాడు. వారు ఫ్రాన్సులో యుద్ధము ముగించుకొని వచ్చి దేశములో కచేరీలు చేస్తుండగా, 1919 మే 9న బోస్టన్‌లో, తనను నాయకుడు సరిగా చూచుటలేదని కోపగించి, రైట్ చిన్న చాకుతో ఆయన మెడమీద పొడిచాడు. చిన్న గాయమే అనుకొన్నారు. ఆ రాత్రే ఆయన చనిపోయాడు.

రైట్‌కు పది నుండి పదిహేనేండ్ల శిక్ష పడింది. ప్రక్కనే జైలు ఉన్న ఇంటిలో, జైలుకు పోకుండా పెంచిన పిల్లవాడు చివరకు జైలుకే వెళ్ళాడు. ఆ వార్త చార్ల్‌స్టన్ చేరినప్పుడు ఆ కాపరి ఏమనుకొన్నాడో!

1927లో రైట్ విడుదలై బోస్టన్‌లోనే రాక్స్‌బరీ అను పేటలో స్థిరపడ్డాడు. ఆ పేటలో డ్రమ్ములంటే ప్రాణమిచ్చే పిల్లవాడొకడు ఉండేవాడు. కర్ర పుల్లలతో కనబడినదానిమీదెల్లా కొట్టేవాడు. ఆ పిల్లవానికి రైట్ దగ్గరుండి డ్రమ్ము పాఠములు చెప్పాడు. పిల్లవాని పేరు రాయ్ హేన్స్. అతడు పెరిగి చార్లీ పార్కర్ ప్రక్కన, జాన్ కోల్ట్రేన్ ప్రక్కన వాయించాడు. తొంభై ఏండ్లు దాటిన తరువాత కూడా వేదికమీద కూర్చొని డ్రమ్ములు వాయించి, 2024 నవంబరులో, తొంభై తొమ్మిదవ ఏట కన్నుమూశాడు.